పోర్టబుల్ స్మార్ట్ టీవీలో బొమ్మ మసక: తప్పు ప్యానెల్‌దా, యాప్‌దా, వైఫైదా?

సందేహాల_రాయుడు:
అందరికీ నమస్కారం. చక్రాల స్టాండ్ మీద గది గదికీ తోసుకెళ్లే 27 అంగుళాల పోర్టబుల్ స్మార్ట్ టీవీ ఒకటి కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పెట్టె మీద "4కే సపోర్ట్, హెచ్‌డీఆర్" అని పెద్ద అక్షరాలతో ఉంది. వాడకంలో మాత్రం బొమ్మ ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది. యూట్యూబ్‌లో కొన్ని వీడియోలు చాలా క్లియర్‌గా వస్తాయి, కానీ నెలనెలా డబ్బు కట్టే సినిమా యాప్‌లో మొహాలు అలికేసినట్టు ఉంటున్నాయి. పడకగదిలోకి తీసుకెళ్తే ఇంకా మసక. ప్లగ్ తీసి బ్యాటరీ మీద పెడితే వెలుగు తగ్గిపోతోంది. చీకటి సీన్లలో నలుపు రావాల్సిన చోట బూడిద రంగు గడులు గడులుగా కనిపిస్తోంది. షార్ప్‌నెస్ 80 దాకా పెంచాను, కొంచెం మేలనిపించింది కానీ అక్షరాల చుట్టూ తెల్లటి గీత వస్తోంది.

ప్యానెలే నాసిరకమా? వాపసు ఇచ్చే గడువు ఇంకా ఉంది. ఏం చేయమంటారు?

పాత_రిమోట్:
ఇచ్చెయ్ బ్రో, ఆలోచించకు. పోర్టబుల్ టీవీలన్నీ ఇంతే. పెద్ద ట్యాబ్లెట్‌కి స్టాండ్ తగిలించి టీవీ అని అమ్ముతున్నారు.

నీలి_పిక్సెల్:
ఆగండి ఆగండి. రాయుడు గారూ, మీరు ఒక సమస్య అని రాశారు గానీ అందులో కనీసం నాలుగు వేరువేరు సమస్యలు ఉన్నాయి. యాప్ మారితే బొమ్మ మారుతోంది, గది మారితే మారుతోంది, కరెంటు తీస్తే మారుతోంది, చీకటి సీన్‌లో ఒకలా పగటి సీన్‌లో ఒకలా ఉంటోంది. ప్యానెల్ చెడ్డదైతే అన్ని యాప్‌లలోనూ, అన్ని గదుల్లోనూ ఒకేలా చెడ్డగా ఉండాలి కదా. యూట్యూబ్ క్లియర్‌గా వస్తోందంటేనే ఆ ప్యానెల్‌కి చూపించే శక్తి ఉన్నట్టు.

ముందు ఒక పని చేయండి. మంచి నాణ్యత ఉన్న 1080పీ వీడియో ఫైల్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, మీ ఫోన్‌తో పగటి వెలుతురులో మీరే తీసిన వీడియో అయినా చాలు. టీవీని ప్లగ్‌లో పెట్టి, పిక్చర్ మోడ్ "సినిమా" గానీ "స్టాండర్డ్" గానీ పెట్టి, ఆ ఫైల్ నేరుగా ఆడించండి. ఇక్కడ వైఫై లేదు, యాప్ లేదు, సర్వర్ లేదు. ఆ ఫైల్ ఎలా కనిపిస్తే అదే మీ ప్యానెల్ అసలు సత్తా. అది కూడా మసకగా ఉంటే అప్పుడు పాత_రిమోట్ గారి మాట విని వాపసు ఇచ్చేయండి. అది బాగుంటే మాత్రం ప్యానెల్ మీద కోపం వదిలేసి మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ దాని మీదకి ఎక్కదు, అది గుర్తుంచుకోండి.

కొలబద్ద:
"4కే సపోర్ట్" అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటకి అర్థం ఏంటంటే, 4కే సిగ్నల్ వస్తే టీవీ బెదిరిపోకుండా తీసుకుంటుంది, తీసుకుని తన ప్యానెల్‌లో ఎన్ని చుక్కలుంటే అంతకి కుదించి చూపిస్తుంది, అంతే. స్పెసిఫికేషన్ పేజీలో కిందెక్కడో చిన్న అక్షరాల్లో "నేటివ్ రిజల్యూషన్" లేదా "ప్యానెల్ రిజల్యూషన్" అని ఉంటుంది, చూడాల్సింది దాన్ని. ఈ తరహా టీవీలకి పేరు తెచ్చిన ఎల్‌జీ స్టాన్‌బైమీ 2021లో వచ్చింది, దాని 27 అంగుళాల ప్యానెల్ కూడా 1920x1080 మాత్రమే. తర్వాత 2025లో వచ్చిన రెండో తరం 2560x1440కి వెళ్లింది. అంతకంటే చవక రకాల్లో 1366x768 ప్యానెల్ పెట్టి "1080పీ సపోర్ట్" అని రాసేవాళ్లూ ఉన్నారు.

అయితే 1080పీ అనగానే తీసిపారేయక్కర్లేదు. 27 అంగుళాల మీద 1080పీ అంటే అంగుళానికి సుమారు 82 చుక్కలు. కళ్లు బాగా ఉన్న మనిషికి మీటరు పైచిలుకు, అంటే సుమారు మూడున్నర అడుగుల దూరం దాటితే ఆ చుక్కలు విడివిడిగా కనపడవు. మంచం మీద కూర్చుని చూసేంత దూరంలో 1080పీకీ 4కేకీ తేడా కనిపెట్టడం కష్టం. అదే టేబుల్ మీద పెట్టుకుని చేతికందే దూరంలో, టచ్ చేస్తూ వాడితే మాత్రం అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. రాయుడు గారూ, మీరు ఎంత దూరం నుంచి చూస్తున్నారు?

సందేహాల_రాయుడు:
ఎక్కువగా మంచం మీద నుంచే, ఐదారడుగులు ఉంటుంది. స్పెక్స్ ఇప్పుడే వెతికాను, మీరన్నట్టే ప్యానెల్ 1920x1080 అని కింద చిన్నగా ఉంది. పెన్‌డ్రైవ్ పరీక్ష సాయంత్రం చేసి చెప్తా.

గోడచాటు_రౌటర్:
పడకగదిలో మసక అన్నారు చూడండి, అది నూటికి తొంభై పాళ్లు వైఫై. మామూలు టీవీ ఒకచోట కదలకుండా ఉంటుంది, రౌటర్ దాని పక్కనే ఉంటుంది, ఎవరికీ టెన్షన్ లేదు. దీన్ని గది గదికీ తిప్పుతాం, అన్ని గోడలూ మధ్యలోకి వస్తాయి.

స్ట్రీమింగ్ యాప్‌లు వీడియోని కొన్ని సెకన్ల చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనీ నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంచుకుంటాయి. మీ నెట్ వేగం చూసుకుంటూ ఏ ముక్క ఏ నాణ్యతలో తెచ్చుకోవాలో యాప్ అప్పటికప్పుడు తేల్చుకుంటుంది. సిగ్నల్ పడిపోతే వీడియో ఆగదు, చప్పుడు లేకుండా నాణ్యత తగ్గిపోతుంది. వెనకటి రోజుల్లో అయితే గుండ్రం తిరుగుతూ ఆగిపోయేది, కనీసం నెట్ బాలేదని తెలిసేది. ఇప్పుడు ఆడుతూనే ఉంటుంది కాబట్టి తిట్లన్నీ టీవీకి పడుతున్నాయి.

నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉండాలంటారు. మీ ఇంటికి 100 వస్తోందా 300 వస్తోందా అన్నది కాదు లెక్క, పడకగదిలో మంచం పక్కన నిలబెట్టిన ఆ టీవీకి ఎంత అందుతోందన్నదే లెక్క. ఫోన్‌లో కొలవకండి, ఫోన్ వైఫై చిప్ వేరు, టీవీ చిప్ వేరు. టీవీలోనే బ్రౌజర్ తెరిచి ఫాస్ట్ డాట్ కామ్ లాంటిది ఆడించండి, ఒక్కసారి కాదు, కాసేపు ఆగి మళ్లీ కూడా.

ఇంకోటి, టీవీ 2.4 గిగాహెర్ట్జ్‌కి కనెక్ట్ అయి ఉందా, 5కా చూడండి. 2.4 గోడలు బాగా దాటుతుంది గానీ ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అక్కడే గుమిగూడతాయి, ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు అందులో 1, 6, 11 అని మూడే. బ్లూటూత్ కూడా అదే బ్యాండ్, కాబట్టి టీవీ 2.4లో ఉండగా బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే వీడియో దెబ్బతినే అవకాశం ఉంది. 5 వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. ఒకే గోడ అయితే 5, ఎక్కువ గోడలైతే రెండూ పెట్టి చూసి ఏది నిలకడగా ఉంటే అది.

రాత్రి_ఆట:
బ్యాటరీ మీద వెలుగు తగ్గడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఎల్‌సీడీ టీవీలో కరెంటు ఎక్కువగా తాగేది వెనక ఉండే బ్యాక్‌లైట్. ప్లగ్ తీయగానే చాలా మోడళ్లు చెప్పకుండానే పవర్ సేవింగ్‌లోకి వెళ్లి బ్యాక్‌లైట్ కోసేస్తాయి. పెట్టె మీద మూడు గంటల బ్యాటరీ అని రాసుకోవాలి కదా మరి, ఆ మూడు గంటలు వచ్చేది ఈ మసక వెలుగులోనే. సెట్టింగ్స్‌లో ఎనర్జీ సేవింగ్ ఆఫ్ చేయండి, ఆటో బ్రైట్‌నెస్ ఉంటే అదీ ఆఫ్ చేయండి, ఆ సెన్సర్ గది లైటుని బట్టి వెలుగు మారుస్తూ ఉంటుంది, సీన్ మధ్యలో మారితే చికాకు. వెలుగు వస్తుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. రెండూ కావాలంటే కుదరదు.

పాత_రిమోట్:
నేను అన్నది అదే కదా, ప్లగ్ పెట్టుకునే చూడాలంటే ఇంక పోర్టబుల్ ఎందుకు 😀

రాత్రి_ఆట:
ప్లగ్ అన్ని గదుల్లోనూ ఉంటుంది అన్నా, గోడకి బిగించిన టీవీ అన్ని గదుల్లోకీ రాదు.

డీకోడర్_బాబు:
సినిమా యాప్‌లో మొహాలు అలికేసినట్టు ఉండడం, అదే టీవీలో యూట్యూబ్ బాగుండడం. ఈ రెండూ కలిపి చూస్తే నా అనుమానం వేరే దాని మీద ఉంది. రాయుడు గారూ, మీ టీవీలో ఉన్నది టీవీల కోసం చేసిన గూగుల్ టీవీనా, లేక ఫోన్లలో ఉండే మామూలు ఆండ్రాయిడా? హోమ్ స్క్రీన్ ఫోన్‌లాగా ఐకాన్లు పరిచినట్టు ఉంటే రెండోదే.

ఎందుకడుగుతున్నానంటే, డబ్బు కట్టే యాప్‌లు తమ సినిమాలు కాపీ కాకుండా వైడ్‌వైన్ అనే తాళం వాడతాయి. అందులో ఎల్1, ఎల్3 అని మెట్లు ఉన్నాయి. ఎల్1 అంటే తాళం తీయడం, వీడియో విప్పడం అంతా చిప్ లోపల భద్రమైన భాగంలో జరుగుతుంది. ఎల్3 అంటే సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది, కాబట్టి కంపెనీలు దాన్ని నమ్మవు. ఎల్3 ఉన్న పరికరానికి చాలా సర్వీసులు 480పీ దగ్గరే ఆపేస్తాయి. మీ నెట్ ఎంత వేగమైనా, మీ ప్లాన్ ఎంత పెద్దదైనా, ప్యానెల్ ఎంత మంచిదైనా అంతే. ఐదారడుగుల దూరం నుంచి 27 అంగుళాల మీద 480పీ చూస్తే మొహాలు అలికేసినట్టే ఉంటాయి. యూట్యూబ్‌లో మామూలు వీడియోలకి ఈ గొడవ లేదు, అందుకే అక్కడ బాగుంటుంది.

ఎల్1 ఉన్నంత మాత్రాన సరిపోదు కూడా. నెట్‌ఫ్లిక్స్ లాంటి వాళ్లు మోడల్ వారీగా విడిగా ఆమోదం ఇస్తారు, ఆ జాబితాలో లేకపోతే ఎల్1 ఉన్నా హెచ్‌డీ రాకపోవచ్చు. ప్లే స్టోర్‌లో "డీఆర్‌ఎం ఇన్ఫో" అని వెతికితే చిన్న యాప్‌లు దొరుకుతాయి, వైడ్‌వైన్ సెక్యూరిటీ లెవెల్ అన్న చోట ఏముందో చూడండి. నెట్‌ఫ్లిక్స్ ఫోన్ యాప్ అయితే దాని సెట్టింగ్స్‌లోనే ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అన్న చోట గరిష్ఠ రిజల్యూషన్ కూడా చూపిస్తుంది.

సందేహాల_రాయుడు:
ఐకాన్లు పరిచినట్టే ఉంటుందండి, ఫోన్‌ని పెద్దది చేసినట్టు. ఇప్పుడే భయం మొదలైంది.

అద్దాల_మేడ:
ఈలోగా షార్ప్‌నెస్ గురించి. 80 నుంచి వెంటనే దించండి. షార్ప్‌నెస్ పెంచితే కొత్త వివరాలేమీ పుట్టవు, ఉన్న అంచుల పక్కన ఒక తెల్ల గీత, ఒక నల్ల గీత గీసి పదునుగా ఉన్నట్టు కంటిని నమ్మిస్తుంది. మీకు సబ్‌టైటిల్ అక్షరాల చుట్టూ కనిపిస్తున్నది అదే. అసలే కుదించి కుదించి వచ్చిన వీడియో మీద అది పెంచితే కంప్రెషన్ మచ్చలకి కూడా గీతలు గీస్తుంది, మొహం మీద దోమలు ముసిరినట్టు కనపడుతుంది.

చాలా టీవీల్లో సున్నా గానీ దానికి దగ్గరగా గానీ ఉన్నదే అసలు బొమ్మ. కొన్నింటిలో మాత్రం 50 అంటే ఏమీ చేయకుండా వదిలేయడం, అంతకంటే తగ్గిస్తే ఉన్నది కూడా మసకబారుతుంది. ఏది ఏదో తెలుసుకోవాలంటే సబ్‌టైటిల్ ఉన్న సీన్ పాజ్ చేసి, తెర దగ్గరికి వెళ్లి, పై నుంచి ఒక్కో అంకె తగ్గిస్తూ అక్షరం చుట్టూ గీత ఎక్కడ మాయమవుతుందో చూసి అక్కడ ఆపండి.

"వివిడ్" మోడ్ ఉంటే అదీ మార్చండి. షోరూమ్ లైట్ల కింద కొట్టొచ్చినట్టు కనపడడానికి తప్ప ఇంట్లో దేనికీ పనికిరాదు. తెలుపు నీలంగా మారుతుంది, మొహాలకి జ్వరం వచ్చినట్టు రంగు వస్తుంది.

పాత_రిమోట్:
వివిడ్ నాకిష్టం. సినిమా మోడ్ పెడితే అంతా పసుపు పసుపుగా ఉంటుంది, ఎవడు చూస్తాడు.

అద్దాల_మేడ:
అలవాటు అంతే అన్నా. సినిమాలకి రంగులు దిద్దే చోట తెలుపు అంటే సుమారు 6500 కెల్విన్, నీలం వైపు వెళ్లిన టీవీ చూసి చూసి దీనికి మారితే పసుపుగానే అనిపిస్తుంది. ఒక వారం వదిలేసి తర్వాత వివిడ్ పెట్టి చూడండి, అప్పుడు చెప్పండి. నచ్చకపోతే మీ టీవీ మీ ఇష్టం, అందులో గొడవేం లేదు.

చిత్రగుప్త_ఫైల్స్:
యూట్యూబ్ బాగుందని తేల్చేయకండి, అందులోనూ మెలిక ఉంది. సెట్టింగ్స్ గుర్తు నొక్కితే "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" అని వస్తుంది, అది ఆన్ చేసి పెట్టుకోండి. కరెంట్ రిజల్యూషన్ ఎంత వస్తోందో, ఏ కోడెక్‌లో (వీడియోని కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) వస్తోందో, ఎన్ని ఫ్రేములు జారిపోయాయో అక్కడే రాసి ఉంటుంది. వాదనలు అక్కర్లేదు.

కోడెక్ ఎందుకంటే, హెచ్.264 2003 నాటిది, ఇంచుమించు ప్రతి చిప్ దాన్ని విప్పగలదు. వీపీ9, హెచ్‌ఈవీసీ 2013లో వచ్చాయి, ఏవీ1 2018లో. కొత్త కోడెక్ అదే డేటాలో మెరుగైన బొమ్మ ఇస్తుంది. కానీ టీవీ చిప్‌లో దానికి హార్డ్‌వేర్ డీకోడర్ లేకపోతే ప్రాసెసర్ మీద భారం వేసి విప్పాలి, అప్పుడు ఫ్రేములు జారతాయి, బొమ్మ కుదుపులు కుదుపులుగా వస్తుంది. పోర్టబుల్ టీవీల్లో ఫ్యాన్ ఉండదు, బ్యాటరీ, బోర్డు, ప్యానెల్ అన్నీ పల్చటి ఒంట్లో ఇరుక్కుని ఉంటాయి. గంటసేపు అలా ఆడాక వేడెక్కి చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మొదట్లో బాగా ఆడి, తర్వాత తర్వాత నత్తనడక పట్టిందంటే సాధారణంగా కారణం ఇదే. ఎండలో పెట్టినా అంతే.

ఇంకో చిట్కా. ప్యానెల్ 1080పీ అయినా సరే, వీడియోకి 1440పీ గానీ 2160పీ గానీ ఎంచుకునే వీలుంటే ఎంచుకుని చూడండి, టీవీ మోయగలిగితేనే సుమా. యూట్యూబ్ పెద్ద రిజల్యూషన్‌కి ఎక్కువ బిట్‌రేట్, అంటే సెకనుకి ఎక్కువ డేటా ఇస్తుంది కాబట్టి, కుదించి చూపించినా ఆకులు, వాన, జనసందోహం లాంటి సీన్లు 1080పీలో కంటే శుభ్రంగా కనపడతాయి.

నీలి_పిక్సెల్:
ఇది నిజం. రిజల్యూషన్ అంకెనే అందరూ చూస్తారు, బిట్‌రేట్ ఎవరూ చూడరు. బ్లూరే డిస్క్‌లో 1080పీ వీడియోకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు, స్ట్రీమింగ్‌లో అదే 1080పీ తరచుగా ఐదు మెగాబిట్ల దగ్గరే సర్దుకుంటుంది. రెండూ 1080పీయే. పిండి కొద్దీ రొట్టె. రాయుడు గారు చెప్పిన చీకటి సీన్ల గడులు కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. డేటా తక్కువైనప్పుడు వీడియోని కుదించే ఎన్‌కోడర్ ముందు పొదుపు చేసేది చీకటి భాగాల్లోనే, కంటికి అంతగా కనపడవని దాని నమ్మకం. ఆపైన మనం బ్రైట్‌నెస్ పెంచితే ఆ దాచిపెట్టిన గడులన్నీ బయటపడతాయి.

రాత్రి_ఆట:
గడులు డేటావి కావచ్చు, బూడిద రంగు మాత్రం ప్యానెల్‌ది. పోర్టబుల్ టీవీల్లో చాలావరకు ఐపీఎస్ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్ పెడతారు, పక్క నుంచి చూసినా రంగు మారదు. తిప్పుకుంటూ, వంచుకుంటూ, నిలువుగా పెట్టుకుంటూ వాడే టీవీకి అది అవసరమే. కానీ ఐపీఎస్ కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుగు తేడా) సుమారు 1000:1, వీఏ అనే ఇంకో రకం ప్యానెల్‌లో 3000:1, ఇంకా పైన కూడా ఉంటుంది. లైట్లన్నీ ఆర్పేసి చూస్తే ఐపీఎస్ నలుపు బూడిదగానే కనపడుతుంది, ఏ సెట్టింగూ దాన్ని మార్చలేదు. వెనక గోడ మీద చిన్న లైటు వేసుకుని చూడండి, గదిలో కాస్త వెలుతురుంటే అదే బూడిద కంటికి నలుపుగా అనిపిస్తుంది. లైటు మాత్రం తెరకి ఎదురుగా వద్దు, టచ్ స్క్రీన్ గాజు మెరుస్తుంది, సినిమా బదులు మీ మొహమే కనపడుతుంది.

సందేహాల_రాయుడు:
పెన్‌డ్రైవ్ పరీక్ష అయింది. నేను నోరెళ్లబెట్టాను. ఫోన్‌తో తీసిన వీడియో ప్లగ్‌లో పెట్టి సినిమా మోడ్‌లో ఆడిస్తే చొక్కా మీద దారాలు కూడా కనపడుతున్నాయి. ఇదే టీవీ అంటే నమ్మబుద్ధి కావడం లేదు. షార్ప్‌నెస్ దించుకుంటూ వెళ్తే 10 దగ్గర తెల్ల గీత పోయింది. ఎనర్జీ సేవింగ్ ఆఫ్ చేశాను, బ్యాటరీ మీద కూడా వెలుగు బాగానే ఉంది.

వైఫై 2.4లో ఉంది. పడకగదిలో టీవీ బ్రౌజర్‌లో కొలిస్తే 3, 4 మధ్య ఊగుతోంది, ఒకసారి 2కి పడింది. 5కి మార్చాక 30 దాటింది, మధ్యలో ఒకే గోడ ఉంది. యూట్యూబ్ అక్కడ కూడా బాగైపోయింది.

కానీ సినిమా యాప్ మాత్రం 30 ఎంబీపీఎస్ ఉన్నా ముందులాగే ఉంది. డీఆర్‌ఎం ఇన్ఫో యాప్ వేశాను. వైడ్‌వైన్ సెక్యూరిటీ లెవెల్: ఎల్3. డీకోడర్_బాబు గారూ, మీరు అనుమానించిందే నిజమైందండీ 🙏 దీన్ని అప్‌డేట్ చేసి ఎల్1 చేసుకోవచ్చా?

డీకోడర్_బాబు:
ఎల్1 కావాలంటే సాధారణంగా తాళంచెవి ఫ్యాక్టరీలోనే పరికరంలో పెట్టి ఉండాలి. మీరు ఇంట్లో కూర్చుని చేయగలిగిందేమీ లేదు. ఎవరో వీడియోలో రూట్ చేస్తే (సిస్టమ్ కట్టడులు తీసేస్తే) వస్తుందని చెప్తారు, అటు వెళ్లకండి, ఉన్న వారంటీ పోతుంది.

దారి ఒకటుంది. టీవీకి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉందా? ఉంటే, మీరు వాడే సర్వీసుల ఆమోదం ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి అందులో గుచ్చండి. అప్పుడు తాళం తీసే పని, వీడియో విప్పే పని అంతా స్టిక్‌దే, టీవీ ఉత్త తెరగా పనిచేస్తుంది. ఆ పోర్ట్ హెచ్‌డీసీపీని, అంటే కేబుల్ దారిలో వీడియో కాపీ కాకుండా చూసే తాళాన్ని సపోర్ట్ చేయాలి. 1080పీకి పాత 1.4 అయినా నడుస్తుంది, 4కే కావాలంటే 2.2 అడుగుతుంది, మీ ప్యానెల్‌కి దాంతో పనిలేదు. ఇన్‌పుట్ మాత్రమే చూడండి సుమా, కొన్ని పోర్టబుల్ టీవీల్లో ఉండేది హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్, అది పనికిరాదు.

కొత్త_సభ్యురాలు:
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. ఇంత గొడవెందుకు, ఫోన్‌లో యాప్ హెచ్‌డీలో వస్తుంది కదా, ఫోన్ స్క్రీన్‌నే టీవీ మీదకి పంపిస్తే పోదా? నేను అలాగే చేస్తాను.

చిత్రగుప్త_ఫైల్స్:
అందులో రెండు రకాలున్నాయమ్మా. స్క్రీన్ మిర్రరింగ్ అంటే ఫోన్ తన తెర మీదున్నదాన్ని అప్పటికప్పుడు మళ్లీ కుదించి వైఫైలో విసురుతుంది. ఒకసారి కుదించిన వీడియోని ఇంకోసారి కుదించడం, అదీ హడావుడిగా. కదలిక ఎక్కువున్న సీన్‌లో బొమ్మ చెదిరిపోతుంది, మాటకీ పెదవికీ పొంతన తప్పుతుంది. పైగా డబ్బు కట్టే యాప్‌లు మిర్రరింగ్‌లో చాలాసార్లు నల్ల తెరే చూపిస్తాయి.

క్యాస్ట్ వేరు. క్యాస్ట్ బటన్ నొక్కితే ఫోన్ కేవలం "ఇదిగో ఈ వీడియో ఆడించు" అని చెప్పి తప్పుకుంటుంది, టీవీయే నేరుగా సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. నాణ్యత పోదు. కానీ తెచ్చుకునేది టీవీయే కాబట్టి రాయుడు గారి ఎల్3 కథ అక్కడా ఎదురవుతుంది.

కొత్త_సభ్యురాలు:
ఓహో, నాది మిర్రరింగే అన్నమాట. యాప్‌లో క్యాస్ట్ గుర్తు ఉంది, ఎప్పుడూ నొక్కలేదు. ఇంకొక్కటి అడగొచ్చా? ల్యాప్‌టాప్ కేబుల్‌తో పెడితే అంతా వెలిసిపోయినట్టు ఉంటుంది, నలుపు అసలు రాదు. అంచుల్లో టాస్క్‌బార్ కూడా సగం కట్ అవుతుంది.

అద్దాల_మేడ:
వెలిసిపోవడం రేంజ్ తేడా. టీవీ ప్రపంచంలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది, కంప్యూటర్‌కి 0 నుంచి 255. ల్యాప్‌టాప్ 16 పంపి ఇదే నలుపు అంటే, టీవీ 0 కోసం చూస్తూ 16ని బూడిదగా చూపిస్తుంది. టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అని గానీ ఆర్‌జీబీ రేంజ్ అని గానీ ఉంటుంది, దాన్ని లిమిటెడ్‌కి మార్చండి, లేదా ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఫుల్ పెట్టండి. రెండూ ఒకటే అవ్వాలి, అదే ముఖ్యం. తిరగబడితే చీకటిలో ఉన్నవన్నీ నల్లటి ముద్దయిపోతాయి.

అంచులు కట్ అవడం ఓవర్‌స్కాన్, పాత టీవీల నాటి అలవాటు. బొమ్మని కొద్దిగా సాగదీసి అంచులు దాచేస్తుంది, దాంతో ఏ చుక్కా దాని చోట పడక మొత్తం మెత్తబడుతుంది. ఆస్పెక్ట్ రేషియోలో "జస్ట్ స్కాన్", "స్క్రీన్ ఫిట్", "1:1" వీటిలో ఏది కనపడితే అది ఆన్ చేయండి. ఇన్‌పుట్ పేరు "పీసీ" అని మార్చే వీలుంటే చాలా టీవీల్లో రంగు అక్షరాల అంచులు కూడా బాగుపడతాయి.

కొలబద్ద:
హెచ్‌డీఆర్ గురించి కూడా ఒక మాట, పెట్టె మీద రాసి ఉందన్నారు కాబట్టి. హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి, ఆ సినిమాలని ఎక్కువగా 1000 గానీ 4000 గానీ నిట్ల (తెర వెలుగు కొలత) లెక్కలో తయారుచేస్తారు. ఇలాంటి పోర్టబుల్ ప్యానెళ్లలో చాలావాటికి 250 నుంచి 400 నిట్లే. ఆ పైనున్నదంతా కుదించి కిందికి తేవాలి, అది సరిగా చేయడం చవక చిప్‌లకి చేతకాదు, దాంతో హెచ్‌డీఆర్ ఆన్ అయినప్పుడు బొమ్మ మామూలు కంటే చీకటిగా కనపడుతుంది. స్టిక్ కొంటే దాని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఎస్‌డీఆర్ (హెచ్‌డీఆర్ లేని మామూలు పద్ధతి) పెట్టేయండి. పెట్టె మీద డబ్బు కట్టిన ఫీచర్‌ని ఆఫ్ చేయడానికి మనసొప్పదు, తెలుసు, అయినా ఆఫ్ చేయండి.

పాత_రిమోట్:
నిలువుగా తిప్పితే ఏమైనా తేడా ఉంటుందా? మా వాళ్ల పిల్లలు ఎప్పుడూ తిప్పేస్తుంటారు.

కొలబద్ద:
చిన్న నిలువు వీడియోలకి చాలా తేడా. అడ్డంగా ఉన్న 1080పీ తెరలో నిలువు వీడియోకి దక్కేది సుమారు 608x1080 చుక్కలు, రెండు పక్కలా నల్లటి ఖాళీ. తెర తిప్పితే 1080x1920 మొత్తం దానిదే, మూడింతలు ఎక్కువ. పిల్లలు చేసేది సరైన పనే 😀 సినిమా మాత్రం నిలువు తెరలో పెడితే ఆ 608 గొడవ దీనికి వస్తుంది.

సందేహాల_రాయుడు:
స్టిక్ వచ్చింది, పెట్టాను. యాప్ తెరవగానే తేడా తెలిసిపోయింది, జుట్టు వెంట్రుకలు విడివిడిగా కనపడుతున్నాయి. టీవీ వాపసు ఇవ్వను. ఎస్‌డీఆర్ కూడా పెట్టాను, కొలబద్ద గారు చెప్పినట్టు వెలుగు మెరుగైంది. కెమెరా పక్కకి తిరిగినప్పుడు కొంచెం కుదుపు ఉంది, అది కూడా పోతుందా?

నీలి_పిక్సెల్:
సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మీ తెర 60. సమంగా పంచడం కుదరక ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు చూపిస్తారు, ఆ కుదుపు అదే. స్టిక్‌లో "మ్యాచ్ ఫ్రేమ్ రేట్" ఉంటే పెట్టి చూడండి, మీ ప్యానెల్ 24 తీసుకుంటే పోతుంది, తీసుకోకపోతే అలాగే ఉంటుంది. మధ్యలో కొత్త ఫ్రేములు కల్పించే మోషన్ స్మూతింగ్ మాత్రం వద్దు, సినిమా కాస్తా సీరియల్‌లా తయారవుతుంది.

సందేహాల_రాయుడు:
సరే. ఇంకో తంటా, ప్లగ్‌లో ఉన్నంతసేపూ బాగుంది గానీ బ్యాటరీ మీద పెడితే స్టిక్ మధ్యలో ఆగి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. టీవీ యూఎస్‌బీ నుంచే కరెంటు ఇస్తున్నా.

డీకోడర్_బాబు:
ఆ పోర్ట్ యూఎస్‌బీ 2.0 అయితే 500 మిల్లీఆంపులే ఇవ్వాలని లెక్క, బ్యాటరీ మీద ఉన్నప్పుడు అదీ పూర్తిగా ఇస్తుందో లేదో. స్టిక్ అడాప్టర్ మీద ఎంత రాసి ఉందో చూడండి, ఒక ఆంపు అని ఉంటే టీవీ పోర్ట్ చాలదు. చిన్న పవర్ బ్యాంక్ ఒకటి స్టాండ్‌కి వెనక పట్టీతో కట్టి స్టిక్‌ని దానికి పెట్టండి. టీవీ బ్యాటరీ కూడా కాస్త ఎక్కువసేపు వస్తుంది.